పుస్తకాలు ప్రెస్‌లో ఉన్నాయని చెప్పిందెవరు?

ఈ సంగతి నేను రాయడం ఇది మొదటిసారి కాదు. ఎవరైనా వేస్తే, అచ్చులోకి రావడం మాత్రం ఇదే మొదటిసారి అవుతుంది. రెండు వారపత్రికలకు పంపాను. అందినట్టు కూడా తెలపలేదు. ఐర్లండ్‌లో మా తెలుగు సంఘం వాళ్ళు తెచ్చే సంచికకు పంపాను. "అంకుల్, దయ్యాల స్టోరీలు మన థీమ్‌కి సెట్ అవ్వవు" అని ఒక కుర్రాడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఇది దయ్యాల కథ అని నేనెక్కడా అనలేదు. చదివి ఉంటే అతనికే తెలిసేది.

నాకు దయ్యాల మీద ఏనాడూ నమ్మకం లేదు. బాపట్ల దగ్గర మా ఇల్లు చర్చి సమాధుల దొడ్డి గోడకు ఆనుకుని ఉండేది. ఇంట్లో గోల ఎక్కువైతే ఆ సమాధుల మీద కూర్చునే పరీక్షలకు చదివేవాణ్ణి. తరవాత విజయవాడలో ఒక దినపత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. ఏ ఊళ్ళో ఏ దయ్యం కనబడినా ఆ వార్త నా బల్ల మీదికే వచ్చేది, అక్కణ్ణించి చెత్తబుట్టలోకి పోయేది. నేను అలాంటి మనిషిని. ఇప్పుడు చెప్పబోయేది కూడా పట్టపగలు, గది నిండా జనం ఉండగా, ఐర్లండ్‌లోనే డ్రోహెడా అనే ఊళ్ళో జరిగింది.

మా ఆవిడ పేరు శాంత. డ్రోహెడా పెద్దాసుపత్రిలో నర్సు. వాళ్ళది హన్మకొండ. ఆమె ఉద్యోగం వెంట నేనూ ఇక్కడికి వచ్చాను. డబ్లిన్ శివారు శాండీఫోర్డ్‌లో ఒక కంపెనీ ఫిర్యాదుల విభాగంలో చేస్తున్నాను. జనం రాసే ఫిర్యాదులకు జవాబులు రాయడం నా పని. ప్రతి ఫిర్యాదుకూ జవాబు వెళ్ళాలి, ఆ జవాబు కింద రాసినవాడి పేరు ఉండాలి. ఈ రెండు నియమాలూ మా ఆఫీసు బయట ఎవరికీ ఉన్నట్టు లేవు.

రోజూ బస్సులో డబ్లిన్ వెళ్ళి, అక్కడ లూవస్ ట్రాము ఎక్కుతాను. ఆ ట్రాములో కూర్చుని ఫోన్‌లో రాసుకున్న వ్యాసాలే నా పుస్తకం. పేరు 'లూవస్‌లో కిటికీ సీటు'.

అది బయటికి రావడానికి చాలా ఆలస్యమైంది. అడిగినవాళ్ళందరికీ "ప్రెస్‌లో ఉంది" అని చెబుతూ వచ్చాను. నిజంగానే ప్రెస్‌లో ఉంది. విజయవాడ అచ్చాఫీసులో ఎన్నికలొస్తే కరపత్రాల కిందా, పెళ్ళిళ్ళ రోజులొస్తే శుభలేఖల కిందా పడి ఉంది. ఇక్కడ మావాళ్ళకు మాత్రం అది వేళాకోళమైపోయింది. పుట్టినరోజు పార్టీల్లో, చర్చి మెట్ల మీద, ఎక్కడ కనబడినా అదే పలకరింపు. నాతోపాటు శాండీఫోర్డ్‌లోనే పనిచేసే సునీల్ అనే రాజమండ్రి అబ్బాయి ఉన్నాడు. మంచివాడే, నోరే ఊరుకోదు.

"ఏంటండీ అన్నయ్య గారూ, ఇంకా ప్రెస్సులోనేనాండీ? నార్మల్ డెలివరీ అయ్యేలా లేదు, ఆపరేషన్ చేయించెయ్యండి," అన్నాడు ఒకసారి, అందరి ముందూ.

నేను మర్చిపోలేదు. సంఘం ఉగాది సభలో నన్ను "శాంత గారి హస్బెండ్" అని వేదిక మీదికి పిలిచి, లక్కీ డ్రాకీ భోజనాలకీ మధ్య చదవమన్నదీ మర్చిపోలేదు. నేను రెండో పేరాలో ఉండగా బిర్యానీ గిన్నె మూత తీశారు. ముందుగా లేచినవాళ్ళెవరో నాకు గుర్తే. పేర్లు ఇక్కడ రాయను.

చివరికి పుస్తకం అచ్చయింది. నమూనాగా ఒక కాపీ పోస్టులో వచ్చింది. అంకితం పేజీ తెరిచాను. నేను రాసిచ్చింది రెండే మాటలు: శాంత కోసం. అచ్చయింది: శాంతి కోసం.

ఒక్క గుడి. 'త' మీద ఒక్క గుడి. ప్రూఫులు దిద్దినాయనెవరో 'శాంత' తప్పనుకుని సరిచేశాడు. ఊళ్ళో వాళ్ళ పేర్లన్నిటికీ గుళ్ళూ కొమ్ములూ దిద్దుతూ బతికినవాణ్ణి, నా పుస్తకంలో నా భార్య నెత్తినే గుడి పెట్టారు.

ఫోన్ చేస్తే అచ్చాఫీసు యజమాని రామ్మోహన్ గారు నవ్వారు. "శాంతి కోసమంటే ఇంకా హుందాగా ఉంది కదా సార్! ప్రపంచశాంతి. ఎవరన్నా అవార్డు కూడా ఇస్తారు," అన్నారు. మళ్ళీ వేసి తీరాలన్నాను. చూద్దాం సార్ అన్నారు. ఆ తరవాత నా ఫోన్ ఎత్తడం మానేశారు. మెయిళ్ళు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు.

శాంత ఆ పేజీ చూసి మొదట నవ్వింది. "ఎవరయ్యా ఈ శాంతి? నాకు జెప్పనే లేదు," అంది. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చినవాళ్ళలో సునీల్ అయితే, "చర్చికెళ్ళే మనిషికి ఏకంగా గుడి కట్టించేశారు కదండీ!" అన్నాడు. అందరికంటే ఆమే ఎక్కువ నవ్వింది. కానీ వాళ్ళు వెళ్ళాక, గిన్నెలు కడుగుతూ, ఇటు తిరక్కుండానే, "ఒక్క దిక్కన్నా నా పేరు సక్కగ ఉంటదనుకున్న," అంది.

ఆస్పత్రిలో కొందరికి ఆమె షాంటీ. ఇంకొందరికి శాంటా. డిసెంబరొస్తే ఆ శాంటా మీద వార్డంతా జోకులే. ఆమె ఎవరినీ సరిదిద్దదు. నేనే అందరినీ సరిదిద్దుతాను. అలాంటిది ఆమె నోట ఆ మాట విన్నాక నాకు కావలసింది ఒక్కటే అయింది. ఆమె పేరు ఆమె పేరుగానే ఉన్న పుస్తకాన్ని పదిమంది ముందు ఆమె చేతిలో పెట్టాలి.

డ్రోహెడాలో విలేఖరుల క్లబ్బు ఒకటుంది. చుట్టుపక్కల పత్రికల్లో పనిచేసేవాళ్ళూ, చేసి మానేసినవాళ్ళూ కలిసి నడుపుకుంటారు. అప్పుడప్పుడూ శనివారం మధ్యాహ్నం ఒక రచయితను పిలిచి మాట్లాడిస్తారు. తరవాత టీ. ఆ తరవాత రచయిత బల్ల దగ్గర కూర్చుంటే, జనం వరసలో నిలబడి పుస్తకం కొని సంతకం చేయించుకుంటారు. నేనూ పత్రికవాణ్ణే కదా అని ఆ క్లబ్బుకు ఎన్నో మెయిళ్ళు రాశాను. జవాబు లేదు. గొర్రెలు కాసే కుక్కల మీద పుస్తకం రాసినాయన్ని మాత్రం రెండుసార్లు పిలిచారు.

చివరికి నాకూ పిలుపొచ్చింది. నా రాతలు చూసి కాదు. క్లబ్బు కార్యదర్శి మోరీన్ రిటైరైన విలేఖరి. తుంటి ఆపరేషన్‌కని ఆస్పత్రిలో చేరి శాంత వార్డులో ఉంది. శాంత ఏం చెప్పిందో నాకు తెలియదు. మోరీన్ ఇంటికి వెళ్ళగానే నాకు ఫోన్ చేసింది. "మీ శాంటా నన్ను మళ్ళీ నడిపించింది. మీరొచ్చి మా దగ్గర మాట్లాడాలి," అంది. శాంటా కాదు శాంత అని చెప్పి, వస్తానన్నాను.

రామ్మోహన్ గారు పొరపాటున ఒకసారి ఫోన్ ఎత్తితే, ఉన్న కాపీలే పంపమన్నాను. ప్రతి కాపీలోనూ ఆ గుడిని నేనే బ్లేడుతో గోకి తీసేద్దామని ఉద్దేశం. పెట్టె కార్గోలో బయల్దేరింది. బయల్దేరిందన్న మెసేజ్ తప్ప ఇంకేమీ రాలేదు. కార్గో ఆఫీసుకు ఫోన్ చేస్తే పాట వినిపించేది, మనిషి వినిపించేవాడు కాదు. శనివారం వచ్చింది. పెట్టె రాలేదు.

ఆ రోజు ఎండ కాసింది. ఐర్లండ్‌లో ఉండేవాళ్ళకు ఆ ఒక్కమాటతో మిగతా అంతా అర్థమవుతుంది. ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా వీధిలో నవ్వుతూ పలకరిస్తున్నారు. క్లబ్బు గది మేడ మీద ఉంది. నది వైపు కిటికీలన్నీ తెరిచి పెట్టారు. తెలుగువాళ్ళు పిల్లలతో సహా వచ్చారు, ఐరిష్ వాళ్ళు అంతకంటే ఎక్కువమంది వచ్చారు. శాంత నీలం పట్టుచీర కట్టుకుని కిటికీ పక్క వరసలో కూర్చుంది.

గదికి ఒక చివర నేను నిలబడి మాట్లాడే చోటు. నా వెనక సంతకాల బల్ల, దాని వెనక గోడలో చెక్క తలుపుల అలమర. ఇది ముఖ్యం కనుక వివరంగా చెబుతున్నాను. బల్ల మీద పరిచిన తెల్లగుడ్డను మోరీన్ నా కళ్ళముందే ఆ అలమర కింది అరలోంచి తీసింది. గుడ్డ తీశాక ఆ అర ఖాళీ. పై అరలో టీ కప్పులుంటే సునీల్ దించిపెట్టాడు. ఖాళీ అర అతనూ చూశాడు. బల్ల మీద నా పెన్నూ, గుడి ఉన్న నమూనా కాపీ ఒక్కటీ పెట్టుకున్నాను.

ఉపన్యాసం కాగితాల మీద రాసుకొచ్చాను. 'ప్రవాస రచయిత పట్ల నిర్లక్ష్యం: కొన్ని ఉదాహరణలు' అని పేరు. ఉదాహరణలు చాలానే ఉన్నాయి.

నేను గొంతు సవరించుకోగానే ముందు వరసలో ఒక పెద్దాయన చెయ్యెత్తాడు. పుస్తకాలెక్కడున్నాయి, తను ఒకటి తీసుకుందామనుకుంటే కనబడడం లేదే అని అడిగాడు. అందరూ ఖాళీ బల్ల వైపు చూశారు. శాంత ఒళ్ళో చేతులు పెట్టుకుని నా వైపే చూస్తోంది. రాలేదని చెప్పడానికి నోరు తెరిచాను.

అప్పుడు వినబడింది. నా వెనక నుంచి. పెద్ద వయసు మగమనిషి గొంతు, మా బాపట్ల వైపు మాట. తొందరేమీ లేకుండా అన్నాడు: "పుస్తకాలు ప్రెస్‌లో ఉన్నాయి గదయ్యా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ వేళాకోళం ఇక్కడిదాకా వచ్చిందా అనుకున్నాను. గిరుక్కున తిరిగి, "ఎవరండీ అది? ప్రెస్‌లో ఎందుకుంటాయి? ఎప్పుడో అచ్చయిపోయాయి!" అని తెలుగులో అరిచాను.

నా వెనక ఎవరూ లేరు. బల్ల, కుర్చీ, అలమర, గోడ. ఐరిష్ వాళ్ళు ఉపన్యాసం మొదలైందనుకుని మర్యాదగా సర్దుకుని కూర్చున్నారు.

మోరీన్ మాత్రం చేతికర్ర పట్టుకుని లేచి వస్తోంది. "ఇన్ ద ప్రెస్, ఈజ్ ఇట్? యూ మైట్ హావ్ సెడ్, లవ్!" అంటూ నన్ను దాటుకుని వెళ్ళి అలమర తలుపు లాగింది.

ఇక్కడి ఇంగ్లీషులో ప్రెస్ అంటే అలమర. అది నాకు కొత్త కాదు. ఇక్కడే బడికి వెళ్ళే మా అమ్మాయి రోజూ ఇంట్లో "కప్స్ ఆర్ ఇన్ ద ప్రెస్, డాడ్" అంటూనే ఉంటుంది. ఆ మాట ఇంగ్లీషులో విని ఉంటే నేనూ అలమర వైపే చూసేవాణ్ణి. తెలుగులో విన్నాను కనుక అచ్చాఫీసు అనుకున్నాను. పుస్తకం అచ్చు వేయించుకున్న తెలుగువాడెవడైనా అలాగే అనుకుంటాడు. నేను విన్నది తెలుగే అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. నా కేకలో 'ప్రెస్' అన్న మాట పట్టుకుని మోరీన్ లేచిందేమోనని తరవాత అడిగాను. కాదంది. నేను వెనక్కి తిరిగేసరికే ఆమె కర్ర చేతిలోకి తీసుకుందని పక్కన కూర్చున్నామె కూడా చెప్పింది.

కింది అర నిండా అట్టపెట్టె ఉంది.

అడ్రసు లేదు, స్టాంపు లేదు, కస్టమ్స్ వాళ్ళ టేపు లేదు. పురికొసతో కట్టి ఉంది. విజయవాడ అచ్చాఫీసుల్లో పుస్తకాల కట్టలకు వేసే ముడి అది. డెస్కులో ఉన్నరోజుల్లో అలాంటివి ఎన్ని విప్పానో. సునీల్ పెట్టెను బల్ల మీదికి ఎత్తి పురికొస లాగాడు. లోపల పాడైపోయిన అచ్చు కాగితాల్లో చుట్టి, నా పుస్తకాలు. జిగురు వాసన ఇంకా పోలేదు. గదిలో చప్పట్లు మోగాయి. రచయిత ఏదో గారడీ చేశాడనుకున్నారు.

శాంత లేచి వచ్చింది. పైనున్న పుస్తకం తీసుకుని నేరుగా అంకితం పేజీకి తిప్పింది. పేజీని కిటికీ వెలుగు వైపు పట్టుకుని మళ్ళీ చూసింది.

"ఏమైంది?" అన్నాను.

"గుడి లేదయ్యా."

"ఏంటి?"

"గుడి లేదు. నా పేరే ఉంది. జూడు."

చూశాను. శాంత కోసం. కళ్ళజోడు తుడుచుకుని చూశాను. శాంత కోసం. సునీల్ ఒక్కొక్క పుస్తకమే తెరిచి బల్ల మీద పేరుస్తున్నాడు. "ఇందులో లేదండీ. ఇందులోనూ లేదండీ. బాబోయ్, ఎందులోనూ లేదండీ అన్నయ్య గారూ!" నమూనా కాపీ పక్కనే ఉంది. అందులో గుడి ఎక్కడ ఉన్నది అక్కడే ఉంది.

శాంత నవ్వడం మొదలుపెట్టింది. చీర చెంగు నోటికడ్డం పెట్టుకుని, ఆగకుండా, కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా. తెలుగువాళ్ళు బల్ల చుట్టూ చేరి ఆ పేజీ చూసి వాళ్ళూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఐరిష్ వాళ్ళు, ఏమిటి సంగతి, మాకూ చెప్పండి అని కూర్చున్నచోటి నుంచే అడుగుతున్నారు.

నేను కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇంగ్లీషులో, నోటికొచ్చినట్టు చెప్పాను. మా లిపిలో అక్షరం మీద పెట్టే ఒక చిన్న గుర్తుంది, దాన్ని మేం గుడి అంటాం, అది పెడితే ఈ పేజీ ప్రపంచశాంతికి అంకితం, తీసేస్తే అదిగో ఆవిడకు అంకితం అన్నాను. ముందు వరసలో పెద్దాయన, "పెళ్ళయినవాడెవడైనా ఆ రెండింటికీ తేడా చెప్పగలడు," అన్నాడు. ఆ నవ్వులు తగ్గడానికి చాలాసేపు పట్టింది. ఆ తరవాత శాంత గురించే మాట్లాడాను. డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పకుండానే నా వ్యాసం చదివించుకుని వినడం, బాగాలేకపోతే నిద్రపోయినట్టు నటించడం, బాగుంటే చివరిదాకా మేలుకోవడం. ఆమె మేలుకున్న వ్యాసాలే పుస్తకంలో ఉన్నాయని చెప్పాను. అది నిజం.

తరవాత సంతకాలు. ఐరిష్ వాళ్ళు చదవలేని పుస్తకాన్ని ఎందుకు తీసుకుంటారు అనుకున్నాను. తీసుకున్నారు. వాళ్ళకు కావలసింది తెలుగులో వాళ్ళ పేరు. వాళ్ళ పేర్లు ఇంగ్లీషులో రాసేది ఒకటి, పలికేది ఒకటి. ఒకామె తన పేరు కాగితం మీద రాసి చూపిస్తే నాకు తలాతోకా అర్థం కాలేదు. పలకండి అన్నాను. "షివాన్," అంది. షివాన్ అని రాసిచ్చాను. ఇంతేనా, వినబడినట్టే రాస్తారా అంది. వినబడినట్టే రాస్తాం అన్నాను. పుస్తకం ఎత్తిపట్టుకుని గదంతా చూపించింది. ఇంక వరస తలుపు దాటి మెట్ల దాకా పోయింది. నీవ్, కీవా, ఓయిన్. గొర్రెల కుక్కల రచయిత కూడా వచ్చాడు. ఆయన పేరు టైగ్. చాలా మంచి మనిషి, ఏం చేస్తాం. తన పేరు సరిగ్గా రాయించుకోవడానికి జీవితమంతా అవస్థ పడ్డానన్నాడు. శ్రద్ధగా రాసిచ్చాను.

శాంత వరస చివర నిలబడింది. ఎంత పిలిచినా ముందుకు రాలేదు. ఆమె వంతు వచ్చాక, అందరినీ అడిగినట్టే, "ఎవరి పేరున రాయమంటారండీ?" అన్నాను.

"శాంత అని రాయుండ్రి సారూ," అంది. "గుడి వెట్టకుండ్రి."

రాశాను. ఆమె ఆ పుస్తకాన్ని రెండు చేతులతో తీసుకుని, పిల్లలకు చూపించింది, మోరీన్‌కు చూపించింది, టీ పోస్తున్నామెకు చూపించింది. మోరీన్ వేలు పెట్టి ఒక్కో అక్షరమే పలికింది. "శాం-త." ఆ రోజు నుంచి ఇప్పటిదాకా తప్పు పలకలేదు.

"తల్లీ బిడ్డా క్షేమమండీ," అన్నాడు సునీల్. ఈ ఒక్కసారికి అతనితోపాటు నేనూ నవ్వాను.

టీ తాగుతూ శాంతను అడిగాను, నా వెనక నుంచి పుస్తకాలు ప్రెస్‌లో ఉన్నాయన్న పెద్దాయనెవరో చూశావా అని.

"పెద్దాయనేంది? ముసలామె గద," అంది. "మా దిక్కు మాట. పుస్తకాలు ప్రెస్సుల ఉన్నయ్ బిడ్డా, అన్నది. హన్మకొండ నుంచి ఎవల అమ్మనో వచ్చిందనుకున్న."

నేను బాపట్ల అన్నాను. ఆమె హన్మకొండ అంది. మోరీన్‌ను అడిగితే, మొనహాన్ వైపు ఆడమనిషి గొంతు, 'ద బుక్స్ ఆర్ ఇన్ ద ప్రెస్, పెట్' అని ముద్దుగా పిలిచి చెప్పింది, తన పుట్టింటి వైపు యాస కనుక పొరబాటు పడే అవకాశమే లేదంది. సునీల్‌ను అడిగాం. నాకు అందరికంటే దగ్గరగా ఉన్నది అతనే. "ఎవరూ ఏమీ అనలేదండీ. మీరు ఒక్కసారిగా వెనక్కి తిరిగి గోడని తిట్టారు," అన్నాడు. ఇంటికి వెళ్ళేదాకా కారులో బాపట్లా హన్మకొండా అని మేం వాదించుకుంటూనే ఉన్నాం. మాకు పెళ్ళయ్యాక అంత సంతోషంగా వాదించుకున్న రోజు ఇంకొకటి లేదు.

కొన్నాళ్ళకు తలుపు కొట్టి కార్గో అతను ఒక పెట్టె ఇచ్చాడు. మా అడ్రసు, రామ్మోహన్ గారి అచ్చాఫీసు పేరు, కస్టమ్స్ టేపు, అన్నీ ఉన్నాయి. లోపల నా పుస్తకాలు. ప్రతిదానిలోనూ శాంతి కోసం.

రెండు రకాల కాపీలనూ పక్కపక్కన పెట్టి చూశాను. అదే కాగితం. ఒక పేజీ అంచున సిరా మరక ఉంది, రెండింటిలోనూ అదే చోట ఉంది. ముందుమాటలో ఒక వరస కాస్త వంకరగా పడింది, రెండింటిలోనూ అదే వంకర. తేడా ఆ ఒక్క గుడి. భూతద్దంతో చూశాను. గోకిన జాడ లేదు, దిద్దిన జాడ లేదు. అక్కడ ఎప్పుడూ ఏమీ లేనట్టే ఉంది.

రామ్మోహన్ గారు దొరికేదాకా ఫోన్ చేశాను. "ఒక్కసారే వేశాం సార్. మీ అచ్చు ప్లేట్లు కూడా తీసేశాం. ఇంకో పెట్టె ఎక్కణ్ణించి వస్తుంది? మీకు దండం పెడతాను," అన్నారు. ఆయన అబద్ధం ఆడడం లేదనిపించింది, అదే నాకు కష్టంగా ఉంది. క్లబ్బులో అందరినీ మోరీన్ పేరుపేరునా అడిగింది. ఆ పెట్టె లోపలికి తెచ్చినవాళ్ళు లేరు, తెస్తుంటే చూసినవాళ్ళు లేరు. అచ్చాఫీసులో ఎవరో తప్పు తెలుసుకుని కొన్ని కాపీలు మళ్ళీ వేసి, ఇటొచ్చే మనిషి చేత పంపి ఉంటారని సునీల్ అంటాడు. పంపారే అనుకుందాం. ఖాళీ అరలోకి ఎలా వచ్చింది? ఒకే మాటను ముగ్గురు మూడు ఊళ్ళ యాసల్లో ఎలా విన్నారు? నాలుగోవాడు ఎందుకు వినలేదు? అడిగితే, "మీరు నన్నడుగుతారేంటండీ?" అంటాడు. ఇన్నాళ్ళు ఆలోచించినా నాకూ తెలియలేదు. తెలియలేదని ఒప్పుకోవడం నాకు అలవాటు లేని పని.

శాంతకు ఇవేవీ అక్కర్లేదు. "నేను అడిగిన, వచ్చింది. ఇంకేం గావాలె నీకు?" అంటుంది. పుస్తకం గురించి తను ప్రార్థన చేసినట్టు నాకు అప్పటిదాకా చెప్పలేదు. ఇది దానికి జవాబంటుంది. కావచ్చు. కానీ జవాబు కింద రాసినవాళ్ళ పేరు ఉండాలి. పేరు లేని జవాబును మా విభాగంలో జవాబుగా ఒప్పుకోం.

కనుక ఆ పెట్టె పెట్టినవాళ్ళను ఇక్కడ బహిరంగంగా అడుగుతున్నాను. మీరు విజయవాడలో ప్రూఫులు దిద్దే మనిషే కావచ్చు, ఎవరికీ కనబడకుండా ఆ మేడ మెట్లెక్కిన మనిషి కావచ్చు, అసలు మనిషే కాకపోవచ్చు. నాకు అభ్యంతరం లేదు. నేను అరిచింది కూడా మీ మీద కాదు. ఆ పుస్తకాల్లో ఒకటి మీకని తీసిపెట్టాను. మొదటి పేజీలో నా సంతకం చేసి, పైన పేరు రాసే చోటు ఖాళీగా వదిలాను. శాంత దానికి అట్ట కూడా వేసింది. ఎంతోమంది నాకు జవాబివ్వకుండా తప్పించుకున్నారు. మీరు తప్పించుకోవడానికి వీల్లేదు. మీ పేరేమిటో చెప్పండి. ఎలా పలుకుతారో చెబితే చాలు, తప్పు లేకుండా రాస్తాను.